మీ నాన్నగారు ఏం చేస్తారు?

ఈ సంచికకి కథ గానీ కవిత గానీ ఇమ్మని క్లబ్ గ్రూపులో అడిగారు. నాకు రెండూ రావు. వీసా ఇంటర్వ్యూ గురించి రాస్తానంటే "అది సాహిత్యం కాదు గదా" అన్నారు ఎడిటర్‌గారు. కాకపోవచ్చు. కానీ హాస్టల్లో ఏ గదిలోకి తొంగి చూసినా ఐ-20, స్లాట్, మాక్ అనే మాటలే వినపడుతున్నాయి. పైగా ఆ కౌంటర్ దగ్గర అడిగే ఒక ప్రశ్నకి మనలో చాలామంది తప్పుడు జవాబు బట్టీ పడుతున్నారు. ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టాను.

మాది రొంపిచెర్ల, నరసరావుపేట పక్కన. సాగర్ కుడి కాలవ నీళ్ళు వస్తే వరి, రాకపోయినా మిరప, పత్తి. మా పెదనాన్న కొడుకు (అన్న అనే అంటాను ఇక్కడ కూడా) రెండేళ్ళ కిందట ఎఫ్-1 వీసా కోసం హైదరాబాదు వెళ్ళాడు. నరసరావుపేటలో బస్సెక్కి పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా తెల్లారేసరికి దిగాడు. చేతిలో రెండు కిలోల ఫైలు. లోపల రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫైలు తెరవమని ఎవరూ అడగలేదు. పాస్‌పోర్టు, దాంతోపాటు ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. ఆ కాగితం మీద 214(బి) అని ఉంది.

ఆ అంకె ఏంటో ముందు తెలుసుకోవాలి. మిగతా తయారీ అంతా దానిమీదే ఆధారపడి ఉంది. అమెరికా 1952లో చేసిన వలసల చట్టంలో అదొక సెక్షన్. తాత్కాలిక వీసా అడిగే దాదాపు ప్రతి మనిషినీ ముందుగా "వీడు స్థిరపడిపోవడానికే వస్తున్నాడు" అనే లెక్కలోనే చూడమంటుంది ఆ సెక్షన్. కాదు అని ఆఫీసరుకి నమ్మకం కుదిర్చే బాధ్యత మనది. మన కోర్టుల్లో నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు గదా, ఇక్కడ తిరగేసి చదువుకోవాలి. అందుకే ఆఫీసరు మనలో ఏదో తప్పు పట్టుకోనక్కర్లేదు, నమ్మకం కలగకపోతే చాలు. నిజంగా చదువుకోవడానికే వెళ్తున్నావా, ఆ చదువుకి డబ్బు ఉందా, అయ్యాక ఏం చేస్తావు: ఎన్ని రకాలుగా అడిగినా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి ప్రశ్నలు.

అడిగే చోటు ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి అక్కడికి మారింది కాన్సులేటు. హైదరాబాదులో కాన్సులేటు రాకముందు మనవాళ్ళంతా చెన్నై వెళ్ళి జెమినీ సర్కిల్ దగ్గర నిలబడేవాళ్ళు. కాబట్టి సీనియర్ల కథల్లో చెన్నై వస్తే ఆశ్చర్యపోవద్దు. వేలిముద్రలు, ఫొటో ముందు వేరే సెంటర్లో ఇచ్చి, ఆ తర్వాత ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఫోను లోపలికి రానివ్వరు. కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడటం ఉండదు, నిలబడే మాట్లాడాలి. అద్దం అవతల ఆఫీసరు, మధ్యలో మైకు. ముందున్నవాడి జవాబులు మనకి వినపడుతుంటాయి, మనవి వెనకవాడికి. ఆ మైకులో అమెరికన్ యాస సగం అర్థం కాకపోతే సారీ చెప్పి మళ్ళీ అడగమనండి, అది తప్పు కాదు. అర్థం కాని ప్రశ్నకి బట్టీ పట్టిన జవాబు చెప్పడమే తప్పు.

అన్న ఇంటర్వ్యూకి వస్తాను. యూనివర్సిటీ గురించి ఒక ప్రశ్న అయ్యాక ఆఫీసరు వాళ్ళ నాన్న ఏం చేస్తారని అడిగింది. మాక్ ఇంటర్వ్యూ చేయించిన కన్సల్టెన్సీ వాళ్ళు "రైతు అనకు, రిస్కు. బిజినెస్ అని చెప్పు" అన్నారట. అన్న బిజినెస్ అన్నాడు. ఏం బిజినెస్? మిర్చి బిజినెస్. షాపు ఎక్కడ? షాపు లేదు. ఎంతమంది పనిచేస్తారు? కోతలప్పుడు ముప్పై మంది, మామూలప్పుడు ఎవరూ లేరు అన్నాడు పాపం, అది మాత్రం నిజమే. అక్కడితో అయిపోయింది.

ఊళ్ళో ఈ సంగతి తెలిశాక మా పెదనాన్న ఏమీ అనలేదు. పాస్‌బుక్కులు తీసి బీరువాలో పెట్టుకున్నాడు. "నేను చేసేది చెప్పుకోడానికి సిగ్గయిందా వీడికి" అని పెద్దమ్మతో అన్నాడట. ఆ మాట ఆమె నాకు చెప్పింది, నేను అన్నకి చెప్పలేదు.

రైతు అనడం రిస్కు అనే మాట ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కాబట్టి ఉద్యోగస్థుడి కొడుకు చూపించినట్టు మూడేళ్ళ రిటర్నులు మనం చూపించలేం. పైగా ఆదాయం ఏడాదికొక రకంగా ఉంటుంది. ఒక లెక్క వేద్దాం. ఆరెకరాల మిరప, ఎకరానికి 20 క్వింటాళ్ళు అనుకోండి, మొత్తం 120 క్వింటాళ్ళు. పెట్టుబడి ఎకరానికి 2 లక్షల చొప్పున 12 లక్షలు. గుంటూరు యార్డులో క్వింటా 20,000 పలికిన ఏడు 24 లక్షలు వస్తాయి, మిగిలేది 12 లక్షలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది గదా, ఆ ధరకే అమ్మితే వచ్చేది 14 లక్షల చిల్లర, మిగిలేది 2 లక్షలు. అదే పొలం, అదే మనిషి, అదే కష్టం. ఇక 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి లెక్క చెప్పక్కర్లేదు, పెట్టుబడే తిరిగి రాలేదు చాలామందికి.

మరి "మీ నాన్నగారి ఆదాయం ఎంత?" అంటే ఏం చెప్పాలి? ఒక గుండ్రటి అంకె చెప్పి ఊరుకుంటే తర్వాతి ప్రశ్నకి దొరికిపోతాం. "మంచి ఏడు ఇంత, చెడ్డ ఏడు ఇంత, అందుకే చదువు ఖర్చు పంట మీద పెట్టుకోలేదు, లోను మీద, ఇన్నేళ్ళు దాచిన డబ్బు మీద పెట్టుకున్నాం" అని చెప్పగలిగితే అందులో దాచిందేమీ లేదు, పైగా లెక్క తెలిసిన ఇంటినుంచి వచ్చావని తెలుస్తుంది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. "మై ఫాదర్ గ్రోస్ చిల్లీస్" దగ్గర మొదలుపెట్టండి. అమెరికా వాళ్ళకి రైతంటే తెలియంది కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, ఎవరూ పైకి అనరు. మనలో చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నవాళ్ళమే. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపని సర్టిఫికెట్ పెట్టాం. ఇప్పుడు వీసా కోసం అదే ఇంటికి పదిహేను లక్షల ఆదాయమని ఇంకో సర్టిఫికెట్ చేయించమంటారు. రెండూ ఒకే పేరు మీద, నాలుగేళ్ళ తేడాలో. దీన్ని ఎవరో పట్టుకుంటారని నేను భయపెట్టడం లేదు. ఆ రెండో కాగితం అవసరమే లేదంటున్నాను. లోను ఫీజు కడుతున్నప్పుడు ఆదాయాన్ని ఉబ్బించి చూపించాల్సిన పనేముంది?

ఆస్తి విలువ కాగితం సంగతీ అంతే. మన ఊళ్ళల్లో అందరూ చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర "పొలం 3 కోట్లు, ఇల్లు 60 లక్షలు" అని రాయించుకుంటారు. ఆఫీసరు చూసేది మొదటి ఏడాది ఖర్చుకి చేతికందే డబ్బు ఉందా అని. మీ ఐ-20లో ఆ ఏడాదికి 40,000 డాలర్లు అని ఉంటే, అంటే 35 లక్షల పైచిలుకు, అది ఎక్కడినుంచి వస్తుందో ఐ-20లోనే కింద రాసి ఉంటుంది. లోను ఇంత, కుటుంబం పెట్టేది ఇంత. మీ నోటి లెక్క, ఆ కాగితం లెక్క ఒకటే అయ్యుండాలి. పొలం 3 కోట్లంటే "అమ్ముతారా?" అని అడిగితే ఏం చెప్తారు? అమ్మేస్తే తిరిగి రావడానికి ఊళ్ళో ఏముందని తర్వాతి ప్రశ్న!

లోను విషయంలో పల్లెటూరి వాళ్ళకి ఉండే ఇబ్బంది పట్నం వాళ్ళకి తెలియదు. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకు తాకట్టు అడుగుతుంది. పొలం ఉంది గదా అంటే చాలా బ్యాంకులు చదువు లోనుకి వ్యవసాయ భూమి తీసుకోవు, ఇల్లో ఇంటి స్థలమో కావాలంటాయి. ఇల్లేమో గ్రామకంఠంలో ఉంటుంది, తాతల నాటిది, రిజిస్టర్ కాగితాలు ఉండవు. నరసరావుపేటలో స్థలం ఉన్న మేనమామ సంతకం పెట్టాలి, లేదా ఎక్కువ వడ్డీకి తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల దగ్గరికి పోవాలి. ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఇంటర్వ్యూ తయారీ అనేది స్లాట్ దొరికాక మొదలయ్యేది కాదు, అడ్మిషన్ వచ్చిన వారంలోనే బ్యాంకు మేనేజరు దగ్గర మొదలవుతుంది.

ఇంత తిరగలేక కొందరు చేసే పని ఉంది. నెల రోజులకి బ్యాంకులో డబ్బు వేసి చూపించి, కమిషన్ తీసుకుని వెనక్కి తీసుకునేవాళ్ళు దొరుకుతారు. లోను లెటర్లు, అనుభవం సర్టిఫికెట్లు కూడా తయారుచేసి ఇస్తారు. దయచేసి వద్దు. నీతి కోసం చెప్పడం లేదు, చట్టం కోసం చెప్తున్నా. 214(బి) కింద తిరస్కరిస్తే మళ్ళీ వెళ్ళొచ్చు, వారం తర్వాత అయినా వెళ్ళొచ్చు. కానీ అబద్ధపు కాగితమో, ముఖ్యమైన విషయంలో కావాలని చెప్పిన అబద్ధమో పట్టుబడితే వర్తించేది వేరే సెక్షన్, 212(ఎ)(6)(సి). దానికి గడువు లేదు, జీవితాంతం. రేపు కంపెనీ పంపినా, పెళ్ళయి భార్యతో వెళ్దామన్నా, పిల్లలు అక్కడ చదువుతున్నా అది అడ్డు నిలుస్తుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక ఏజెంటు మాట విని అంత దూరం పోవాలా?

డీఎస్-160 ఫారం మీరే నింపండి. ఏజెంటు నింపినా బాధ్యత మీదే. ఆ ఫారంలోనే "దీన్ని నింపడానికి ఎవరైనా సాయం చేశారా?" అని ప్రశ్న ఉంటుంది. మనవాళ్ళు అలవాటుగా లేదని కొట్టేస్తారు, మొదటి అబద్ధం అక్కడే పడుతుంది. అక్క డల్లాస్‌లో ఉంటే ఉందనే రాయండి. ఉన్నవాళ్ళని దాచడంకన్నా చుట్టరికం ఉందని ఒప్పుకోవడమే నయం. సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు ఆ ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. ఇన్‌స్టాలో మామిడితోట రీళ్ళు ఉంటే ఉండనీండి, వాటితో నష్టం లేదు.

యూనివర్సిటీ ఎందుకు ఎంచుకున్నావు అనే ప్రశ్నకి ర్యాంకింగ్, ఫ్యాకల్టీ, డైవర్సిటీ అనే మూడు ముక్కలు చెప్పే వాళ్ళని ఆ ఆఫీసర్లు రోజూ వింటుంటారు. అందులో మనం నలభయ్యో వాళ్ళం. జవాబు మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఉంటుంది, వెతుక్కోవాలి. సివిల్‌లో నా జూనియర్ ఒకడు కాలవ చివరి భూములకి నీళ్ళు ఎందుకు చేరవో ప్రాజెక్టు చేస్తున్నాడు. వాడికి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ లాంటి చోట నీటి వనరుల కోర్సు ఎందుకో ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళ కోర్సుల పేజీ తెరిచి, మన సిలబస్‌లో లేని రెండు పేపర్లు చూసుకుని, అవి తనకెందుకు కావాలో చెప్పుకుంటే చాలు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇది కష్టమే, ఎందుకంటే అందరూ ఒకే మాట చెప్తారు. అయినా ప్రాజెక్టులో ఎక్కడ ఆగిపోయారో గుర్తు తెచ్చుకోండి. ఆగిన చోటే జవాబు దొరుకుతుంది.

యూనివర్సిటీ అసలుదేనా అన్నది కూడా చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ మూతపడినప్పుడు మన విద్యార్థుల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విచిత్రం: అక్కడ క్లాసులూ లేవు, ప్రొఫెసర్లూ లేరు, అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన సంస్థ అది. చిక్కుకున్నవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. చేరిన రోజునుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా ఊరిస్తే ఈ రెండు పేర్లు తలుచుకోండి.

"చదువయ్యాక ఏం చేస్తావు?" అనే ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎఫ్-1 మీద చదివినవాళ్ళకి 12 నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సయితే ఇంకో 24 నెలలు, చట్టమే ఇచ్చింది. అయినా ఆ మాట ఎత్తితే వీసా పోతుందని భయపెడతారు. అడగనిది చెప్పక్కర్లేదు, అడిగింది దాచక్కర్లేదు అని నా ఉద్దేశం. ఇరవై రెండేళ్ళవాడి దగ్గర పదేళ్ళ ప్లాను ఉంటుందని ఎవరూ అనుకోరు. తిరిగొచ్చి ఎలాంటి కంపెనీలో ఏ పని చూసుకుంటారో ఒక్కటి, మీకు నమ్మకం ఉన్నది, చెప్పండి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో కాకినాడ ధర్మసంస్థ డబ్బుతో, మామగారి సాయంతో హార్వర్డ్ వెళ్ళారు. తిరిగి రానే లేదు, అలాగని అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆయన్ని ఇవాళ కౌంటర్ ముందు నిలబెట్టి ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్పేవారో నాకు ఊహకి అందదు.

తయారీ అంటే నేను చెప్పేది ఇంతే. ఒక సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని మీ నాన్న పక్కన కూర్చోండి. సొంత పొలం ఎంత, కౌలు ఎంత, పోయినేడు ఎన్ని టిక్కీలు అమ్మారు, ఏ ధరకి, బాకీ ఎంత ఉంది. పాస్‌బుక్, 1బి, అడంగల్, యార్డు తక్‌పట్టీలు ఒక చోట పెట్టుకోండి. అక్కడ అడగకపోవచ్చు, కానీ ఆ అంకెలు మీ నోట్లో ఉంటాయి. మా ఇంట్లో నేను ఇలా కూర్చున్నప్పుడే మా బాకీ సంగతి నాకు మొదటిసారి తెలిసింది. తర్వాత రూమ్మేట్‌ని ఆఫీసరుగా పెట్టి, అడ్డప్రశ్నలు వేయమని చెప్పండి. జవాబులు రాసుకోవద్దు. రాసుకుంటే బట్టీ వస్తుంది, బట్టీ అక్కడ వెంటనే తెలిసిపోతుంది. చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు కూడా చేసుకోండి, వీసా వస్తే నూటెనిమిది బాకీ ఉంటాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

తిరస్కరిస్తే అప్పీలు లేదు. దరఖాస్తు ఫీజు 185 డాలర్లు వెనక్కి రాదు, మళ్ళీ కట్టాలి. 350 డాలర్ల సెవిస్ ఫీజు మాత్రం పన్నెండు నెలల లోపు అదే రకం వీసాకి మళ్ళీ వెళ్తే కట్టక్కర్లేదు. రెండూ కలిపి మొదటిసారే 45 వేలు దాటుతుంది కాబట్టి ఈ తేడా మన ఇళ్ళల్లో పెద్దదే.

అన్న అడ్మిషన్ జనవరికి మార్చుకుని దీపావళి దాటాక మళ్ళీ వెళ్ళాడు. ఈసారి వేరే ఆఫీసరు. పాత ఇంటర్వ్యూలో రాసుకున్నది వాళ్ళ తెర మీద ఉంటుంది. "పోయినసారి బిజినెస్ అన్నావు, ఈసారి వ్యవసాయం అంటున్నావు, ఏది నిజం?" అని అడిగాడట. అన్నకి ఇదే భయం, నాలుగు నెలలుగా నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇది. వ్యవసాయమే నిజమని, బిజినెస్ అనమని ఎవరో చెబితే అన్నానని, అది తప్పని చెప్పాడు. ఆరెకరాలు, మిరప, లోను ఇంత, మేనమామ ఇల్లు తాకట్టు. ఆయన కాసేపు టైపు చేసుకుని, మిరప ఎక్కడ అమ్ముతారు అని అడిగాడు. గుంటూరు అన్నాడు అన్న. పాస్‌పోర్టు అటే ఉంచుకున్నారు. నిజం చెప్పినందుకే వచ్చిందని నేను అనను, ఇచ్చిన కారణం వాళ్ళు చెప్పరు. మొదటిసారి నిజం చెప్పి కూడా రానివాళ్ళు నాకు తెలుసు.

బయటికొచ్చి ఫోను తీసుకున్నాక అన్న ముందు ఇంటికే చేశాడు. నేను అప్పుడు పెదనాన్న పక్కనే ఉన్నాను, కళ్ళంలో.

"నా సంగతి అడిగాడా?"

"అడిగాడు నాన్నా. మిరప వేస్తారని చెప్పా."

"ఏ రకం అని అడగలా?"

"లేదు."

"అడక్కపోయినా తేజా అని చెప్పాల్సింది గదరా" అన్నాడు పెదనాన్న, పరదా మీద కాయలు తిరగేస్తూ.